బయట గడియ, లోపల నెమ్మది

ఆ ఆదివారం తాళాల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి స్నానం, ఏడున్నరకి ఇస్త్రీ చొక్కా, ఎనిమిదింటి నుంచి ఇరవై నిమిషాలు మనసును నెమ్మదిగా ఉంచుకోవడం, పదింటికి మందిరంలో అందరి ముందు నిలబడి బైబిలు వాక్యం చదవడం. స్నానం, చొక్కా సజావుగానే సాగాయి. ఆ నెమ్మదే కొంప ముంచింది.

ఆయనకి వాక్యం చదివే వంతు పదకొండేళ్ళ తర్వాత వచ్చింది. పోయినసారి చదివినప్పుడు వెనక ఎవరో తరుముతున్నట్టు చదివాడు. సంఘం వాళ్ళు ఇంకా పేజీలు తిప్పుతుండగానే వెళ్ళి కూర్చున్నాడు. ఆయన తల్లికి చదువు రాదు. కొడుకు నోట వాక్యం వినాలని ముచ్చటపడి ముందు వరసలో చోటు పట్టుకున్న మనిషి, "అయిపోయిందా? నేనింకా సర్దుక్కూర్చోలేదు గదరా" అంది. ఆ మాట మేస్త్రి మనసులో అలాగే ఉండిపోయింది. ఇప్పుడావిడకి ఎనభై రెండు. ఇంకో పదకొండేళ్ళు ఓపిక పట్టమ్మా అని ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు?

పాస్టరుగారు పేరు ఖాయం చేసినరోజే హెచ్చరించారు. "బ్రదర్, పుస్తకం తెరిచేముందు ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోండి. మనసు కుదుటపడ్డాకే తెరవండి. లేకపోతే జనానికి వినపడేది మీ కంగారు."

సరే కదా అని ఎనిమిదింటికి హాల్లో కుర్చీ వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. వంటింట్లో మిక్సీ తిరిగింది. దాన్ని ఆపించాడు. పై వాటాలో ట్యూషన్ మాస్టారు బల్ల జరిపాడు. తల్లి వచ్చి, "నిద్రపోతున్నావా నాయనా?" అని భుజం తట్టింది. లేదమ్మా, మనసు నెమ్మది చేసుకుంటున్నానన్నాడు. "చేసుకో, చేసుకో" అని, అయిందో లేదో కనుక్కోవడానికి మూడుసార్లు వచ్చింది.

అప్పుడు మేస్త్రి కళ్ళు సామాన్ల గది మీద పడ్డాయి. దానికి ఇనుప తలుపు. ఆ తలుపుకి ఆయన ఏడాదిన్నర కష్టపడి స్వయంగా తయారుచేసిన తాళం. తలుపు లాగితే చాలు, దానంతటదే పడిపోతుంది. ఆ తాళం గురించి ఆయన చెప్పని మనిషి ఆ వీధిలో లేడు. "నా ప్రమేయం లేకుండా దాన్ని తీసే మొనగాడు ఇంకా పుట్టలేదు" అని మీసం మెలేసేవాడు. పాపం, అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

భార్యని పిలిచి తాళంచెవి చేతిలో పెట్టాడు. "నేను లోపలికి వెళ్తాను. నువ్వు తలుపు లాగెయ్. సరిగ్గా ఇరవై నిమిషాలకి తియ్యి. మధ్యలో నేనే బతిమాలినా తియ్యొద్దు."

"ఎందుకండీ ఈ చోద్యం? మేమంతా నోరు మూసుకుంటాంలెండి."

"మీవల్ల కాదు."

ఆవిడ తలుపు లాగేసింది. మేస్త్రి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని పెట్టె మీద కూర్చున్నాడు. నిజంగానే చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలోనే ఆయనకి ఒక సంగతి గుర్తొచ్చింది. లోకంలో తాళంచెవులన్నీ కుడికి తిరుగుతాయి. దీన్ని మాత్రం ముందు ఎడమకి తిప్పాలి. తెలియక కుడికి తిప్పితే లోపల రెండో గడియ పడిపోతుంది, ఇక చెవి ఎటు తిప్పినా గిర్రున తిరుగుతుందే గాని పట్టుకోదు. దొంగల కోసం పెట్టిన ఏర్పాటది. పెళ్ళానికి కూడా చెప్పలేదు.

"ఏమేవ్, ఎడమకి తిప్పు" అని తలుపు బాదాడు.

ఆవిడ మాట తప్పే మనిషి కాదు. "ఇంకా పదిహేను నిమిషాలుందండీ. బతిమాలినా తియ్యొద్దన్నారు" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎనిమిదీ నలభైకి వచ్చి, ఆయన అన్న ఎడమ సంగతి మరిచిపోయి, శ్రద్ధగా, అన్ని తాళాల్లాగే కుడికి తిప్పింది. లోపల ఠక్కుమంది.

మేస్త్రి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. పనిముట్ల సంచీ బయట, తాళంచెవి బయట, తెలిసిన మనిషి లోపల. విప్పే కిటుకు ఇల్లాలికి అరిచి చెబుదామంటే వీధంతా వింటుంది. వీధి తాళాలన్నీ తీసే మేస్త్రి తన తాళానికే చిక్కాడంటే రేపట్నుంచి ఏ మొహంతో దుకాణం తెరుస్తాడు?

తలుపు బాదుడు విని ట్యూషన్ మాస్టారు మెట్లు దిగి వచ్చాడు. మేస్త్రి లోపల, తాళంచెవి ఇల్లాలి చేతిలో. ఆయనకి ఇంకేం కావాలి? గొంతు తగ్గించి, "చూడు చెల్లెమ్మా, ఎంత తప్పు చేసినా ఇవాళ ఆదివారం. కాస్త క్షమించెయ్" అన్నాడు.

"అయ్యో, నేనేం చెయ్యలేదండీ. ఆయనే వెయ్యమన్నారు."

"అన్నాడంటే పశ్చాత్తాపపడ్డట్టేగా" అని మాస్టారు, ఆపే లోపే, వీధి చివరి మందిరానికి బయల్దేరాడు. ఆయన అక్కడ చెప్పింది సగం, విన్నవాళ్ళు కలిపింది సగం. తొమ్మిదిన్నరకల్లా సంఘం రెండుగా చీలింది. ఒక వర్గం ప్రకారం మేస్త్రి ఘోరమైన తప్పేదో చేసి గదిలో పడి ఏడుస్తున్నాడు. రెండో వర్గం ప్రకారం సంఘం కోసం మూడు రోజులుగా ఉపవాసంలో ఉన్నాడు. ఆ పొద్దున ఆయన రెండు దఫాలు టిఫిన్ తిన్నట్టు ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఇల్లాలికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆ కంగారులో ఆవిడ ఎవరికి ఫోన్ చెయ్యకూడదో వాళ్ళకే చేసింది. పక్క వీధి మేస్త్రి పది నిమిషాల్లో వచ్చి వాలాడు. ఇద్దరికీ ఇరవై ఏళ్ళ పోటీ.

"ఏం మేస్త్రీ, లోపలున్నావటగా?" అన్నాడు తలుపు దగ్గర నోరు పెట్టి.

"ధ్యానంలో ఉన్నాను."

"ఉండు ఉండు. నేను తీసేలోపు ముగించుకో."

అరగంట గడిచింది. పక్క వీధి మేస్త్రి నాలుగు రకాల కొక్కేలు పెట్టి చూశాడు. డ్రిల్లు పెడితే రెండు బిట్లు విరిగాయి. చొక్కా తడిసి ముద్దయింది. లోపల మన మేస్త్రి పరిస్థితి విచిత్రంగా ఉంది. తలుపు తెరుచుకోలేదని దిగులు, తెరుచుకోనందుకు పట్టరాని సంతోషం. బిట్టు విరిగినప్పుడల్లా తాళాన్ని లోపలివైపు నుంచి మెల్లగా తట్టి, "శభాష్" అన్నాడు.

"కిటుకు చెప్పు మేస్త్రీ, పదవుతోంది" అని అవతలివాడు దిగొచ్చాడు.

"నువ్వు తీస్తానన్నావుగా. తియ్యి." పదకొండేళ్ళ ఎదురుచూపు ఒకవైపు, ఏడాదిన్నర కష్టం ఇంకోవైపు. నోటిదాకా వచ్చిన మాటని మేస్త్రి మింగేశాడు.

పది కొట్టింది. ఇక నా వంతు పోయిందనుకుని ఆయన చతికిలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చోటు పట్టుకోవడానికి ముందే మందిరానికి వెళ్ళిన అమ్మ ఆ పాటికి ముందు వరసలో కూర్చుని గుమ్మం వైపు చూస్తూ ఉంటుంది.

కానీ ముసలావిడ మందిరంలో ఊరికే కూర్చోలేదు. పాస్టరుగారు వేరొకరిని చదవమనబోతే లేచి నిలబడింది. "నా కొడుకు చదువుతాడని చెప్పారు. వాడు రాలేకపోతే మనం వెళ్దాం. నాలుగడుగులేగా." పాస్టరుగారు పుస్తకం చంకలో పెట్టుకున్నారు. ఏడుస్తున్నాడన్నవాళ్ళూ ఉపవాసమన్నవాళ్ళూ కూడా వెనకే నడిచారు. ఇల్లు నిండింది, మెట్లు నిండాయి, మిగిలినవాళ్ళు వీధిలో నిలబడ్డారు. ముసలావిడకి ఇనుప తలుపుకి ఎదురుగా కుర్చీ వేశారు.

"ఒరేయ్, అందరం వచ్చాం. నేను సర్దుక్కూర్చున్నాను. చదువు."

మేస్త్రి పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. పాత కంగారు మళ్ళీ ఎగదన్నుకొచ్చింది. అలవాటుకొద్దీ తలుపుకి చెవి ఆనించాడు. బయట అంత మంది ఉన్నా చడీ చప్పుడూ లేదు. కొత్త తాళం చేతికొచ్చినప్పుడు ఆయన చేసేది ఇదే. కళ్ళు మూసుకుని, ఊపిరి తగ్గించి, లోపలి ముక్క ఒక్కొక్కటే కదిలి తన చోట కూర్చునే దాకా వింటాడు. ఒకటి కూర్చోకుండా రెండోదాని జోలికి పోడు. ముప్ఫై ఏళ్ళుగా రోజూ చేస్తున్న ఆ పనినే పాస్టరుగారు నెమ్మది అంటారని ఆయనకి ఇప్పటిదాకా తట్టలేదు.

పుస్తకం తెరిచాడు. ఒక మాట చదివి, అది తలుపు అవతల చేరిందనిపించాక రెండో మాట చదివాడు. వెంటిలేటర్లోంచి పడుతున్న వెలుతురులో అక్షరాలు చక్కగా కనిపించాయి. మనిషి కనపడకుండా గొంతు ఒక్కటే వస్తుంటే మెట్ల మీద వాళ్ళు మెడలు చాచి విన్నారు. పక్క వీధి మేస్త్రి చేతిలో కొక్కెం పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇల్లాలు కొంగుతో కళ్ళొత్తుకుంది.

చదవడం అయిపోయాక మేస్త్రి పుస్తకం మూశాడు. "నాకు అర్థమైంది రా. ప్రతి మాటా అర్థమైంది" అంది తల్లి. తర్వాత గర్వంగా వెనక్కి తిరిగి, "వీడు నా పెద్దాడు" అని, పుట్టినప్పటి నుంచీ వాణ్ణి ఎరిగినవాళ్ళందరికీ పరిచయం చేసింది. ఆ తర్వాత తలుపు తట్టి, "ఇక బయటికి రా. ఒకసారి మొహం చూడనీ" అంది.

మేస్త్రి తాళాన్ని లోపలి నుంచి ఒకసారి తడిమాడు. పోటీవాడితో పాటు సంఘమంతా చెవులు రిక్కించుకుని ఉంది. ఇప్పుడు నోరు విప్పితే ఏడాదిన్నర రహస్యం వీధిపాలవుతుంది. అయినా అమ్మ అడిగింది.

"మేస్త్రీ, కింద మూడో మరమేకు ఉత్తదే. అది ఊడదీసి, ఆ కన్నంలో సన్న తీగ పెట్టి పైకెత్తు. అలా పట్టుకునే చెవిని ఎడమకి రెండు చుట్లు తిప్పు."

తలుపు తెరుచుకుంది. జనం చప్పట్లు కొట్టబోతే పక్క వీధి మేస్త్రి చెయ్యెత్తి ఆపాడు. "నేను తీయలేదండీ. తీసింది ఆయనే. ఇరవై ఏళ్ళలో ఇలాంటి తాళం నేను చూడలేదు" అన్నాడు. మేస్త్రి వెళ్ళి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆవిడ ఆయన మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని, అంటిన ఇనుప మసి తుడిచింది. మేస్త్రికి ఆ పూట తాళం మీద ఎంత గర్వం ఉందో, దాని రహస్యం పోయినందుకు అంత నిశ్చింతగానూ ఉంది.

సాయంత్రం నాలుగింటికి తలుపు తట్టిన చప్పుడైంది. ట్యూషన్ మాస్టారు. వచ్చేవారం వాక్యం చదివే వంతు తనదట, సామాన్ల గది ఖాళీగా ఉంటుందేమో కనుక్కుందామని వచ్చాడట.