రసీదులో ఇంకో సున్నా

ఆ సోమవారం పొద్దున గుమస్తాగారి కార్యక్రమం చాలా చిన్నది. వంటింట్లో కుళాయి మార్పించాలి, తొమ్మిదిన్నరకు ఆఫీసు చేరాలి. ఆ కుళాయి రెండేళ్లుగా కారుతోంది. రెండేళ్లుగా ఆయన భార్య దాని కింద గిన్నె పెడుతోంది, గిన్నె నిండగానే తీసుకెళ్లి మొక్కలకు పోస్తోంది, పోస్తూ మొగుణ్ణి తిడుతోంది. గుమస్తాగారు ఎంగిలిచేత్తో కాకిని తోలని రకం. కొత్త కుళాయి కొనమంటే, "మొక్కలు ఎంత ఏపుగా పెరుగుతున్నాయో చూశావా?" అనేవాడు.

అలాంటి మనిషికి హఠాత్తుగా ఈ ఉదారబుద్ధి ఎక్కడి నుంచి వచ్చిందంటే, ప్రభుత్వం నుంచి వచ్చింది. దేశంలో వ్యాపారాలు మంచం పట్టాయనీ, జనం ఖర్చు పెడితే తప్ప లేచి కూర్చోవనీ పైవాళ్లకు తోచింది. కట్టిన పన్నులో కొంత అందరికీ వాపసు ఇచ్చేశారు. ఊరికే ఇవ్వకుండా ఒక కరపత్రం కూడా జతచేశారు. ఈ సొమ్ము దాచుకోకండి, మన దేశంలో తయారైన సరుకే కొనండి, మన పనివాళ్లకే పని చెప్పండి, రసీదు తీసుకోండి అని అందులో ఉంది. మన గుమస్తా పనిచేసేది పన్నుల ఆఫీసులోనే. ఆ కరపత్రాలను మూడేసి మడతలు పెట్టి కవర్లలో దూర్చింది కూడా ఆయనే. నాలుగు వేలసార్లు మడిచిన కాగితం మీద ఎంతటివాడికైనా కాస్త భక్తి పుడుతుంది.

ప్లంబరు వచ్చి, కొత్త కుళాయిని చేతిలో తిప్పి చూశాడు.

"ఇదెక్కడ కొన్నారు సార్?"

"మన దేశంలో తయారైంది," అన్నాడు గుమస్తా గర్వంగా.

"అది తెలుస్తూనే ఉంది. దీని మర ఈ పైపుకి పట్టదు."

"మరి ఆ పైపెక్కడిది?"

"అది బయట దేశానిది సార్. అందుకే ఇన్నాళ్లు ఉంది."

పైపు చివర రెండంగుళాలు కోసి వేరే మర వేస్తే సరిపోతుందని ప్లంబరు చెప్పాడు. కోశాడు కూడా. కోసేటప్పుడు పైపు గోడలోపల గిర్రున తిరిగి, ఎక్కడో అతుకు ఊడింది. ముందు గోడ చెమర్చింది. తరవాత రెండు టైల్స్ ఊడిపడ్డాయి. వాటిని చూసి పక్కవి పడ్డాయి. గేటు వాల్వు కట్టేద్దామని వెళితే, దాని పిడి ప్లంబరు చేతిలోకి వచ్చేసింది. పది నిమిషాలకు కింది వాటా పిన్నిగారు మెట్లెక్కి వచ్చింది, నెత్తిమీద గొడుగుతో.

"బాబూ, మా వంటింట్లో వాన పడుతోంది. మీకూ పడుతోందా?" అని నెమ్మదిగా అడిగింది.

గుమస్తా ఆఫీసు చేరేసరికి పదకొండు దాటింది. మేస్త్రిని పిలవాలి, గోడ తవ్వాలి, పిన్నిగారి సీలింగు బాగుచేయించాలి. కుళాయి కొనబోతే కొంప మునిగింది కదా అనుకుంటూ ఖర్చు లెక్కేసుకున్నాడు. ఆయన సీటు జిరాక్సు మిషనుకూ టాయిలెట్టు తలుపుకూ మధ్య ఉంటుంది. ఒకవైపు వేడి, ఒకవైపు వాసన. పందొమ్మిదేళ్లుగా అక్కడే కూర్చుని, కిటికీ పక్కనున్న సూపరింటెండెంటు కుర్చీ వైపు చూస్తున్నాడు. చిన్న పనివాళ్ల పన్నుల విభాగానికి పెద్ద కూర్చునే కుర్చీ అది. దానికి సొంత ఫ్యాను ఉంది. నెల క్రితం అది ఖాళీ అయింది. అప్పటి నుంచి గుమస్తాకు నిద్ర లేదు. ఎదురు బల్ల పెద్దమనిషికీ లేదు.

ఆ రోజే ఆఫీసరు ఇద్దరినీ లోపలికి పిలిచాడు.

"మీరిద్దరూ ఒకే రోజు చేరారు. ఒకేలా పనిచేస్తారు, ఒకేలా ఆవలిస్తారు. కుర్చీ ఎవరికివ్వాలో నాకు తేలట్లేదు. మన సిబ్బంది వాపసు డబ్బు ఎలా ఖర్చు పెట్టారో చూపించమని పైనుంచి కాగితమొచ్చింది. శుక్రవారం సాయంత్రానికి దేశంలోపల ఎవరు ఎక్కువ ఖర్చు పెట్టి రసీదులు తెస్తే, కుర్చీ వాళ్లది."

"నేను నిన్ననే మంచం కొన్నాను సార్," అన్నాడు ఎదురు బల్ల పెద్దమనిషి. "మంచం మనదే, పరుపు మనదే, దాని మీద నిద్ర కూడా మనదే."

గుమస్తాకు తడిసిన గోడ గుర్తొచ్చింది, జీవితంలో మొదటిసారి దాని మీద ప్రేమ పుట్టింది.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి భార్య స్నానాలగదిలో పీట వేసుకుని గిన్నెలు తోముతోంది. రోజంతా మందుల షాపులో నిలబడి వచ్చిన మనిషి.

"వంటింటి గోడ కూలిందండీ," అంది.

"ఎంతవరకు?"

"సగం."

"సగమేనా," అన్నాడు గుమస్తా.

అప్పుడే దిగిన తాపీమేస్త్రితో, ఆ పక్క గోడ కూడా బలహీనంగా ఉన్నట్టుంది, చూడమన్నాడు. అది బాగానే ఉందన్నాడు మేస్త్రి. కొట్టి చూడమన్నాడు గుమస్తా. మేస్త్రి కొట్టి చూశాడు. ఆ తరవాత అది కూడా బాగాలేదు.

మంగళవారం వంటింటి గట్టు తీయించాడు. బుధవారం పిన్నిగారి సీలింగు పూర్తిగా కొత్తది వేయిస్తానన్నాడు. "ఒక మూలేగా తడిసింది బాబూ," అని ఆవిడ మొత్తుకుంటుంటే, "మూల ఒక్కటీ చేయిస్తే మిగతాది చిన్నబుచ్చుకుంటుంది పిన్నిగారూ," అన్నాడు. వాపసు వచ్చిన డబ్బు ఆ మధ్యాహ్నానికే అయిపోయింది. అక్కడి నుంచి సొంత డబ్బు తీశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో అది బయటికి రావడం భార్య ఎన్నడూ చూడలేదు.

"మీకు ఒంట్లో బాగుందా?" అంది ఆవిడ. "మా షాపులో దీనికి మందు లేదు."

"కుర్చీ వస్తే జీతం పెరుగుతుందే. అదంతా తిరిగొస్తుంది."

"కుర్చీ వచ్చాక కూర్చుని తినడానికి వంటిల్లు కూడా ఉండాలి కదండీ."

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు. ఆఫీసులో మాత్రం, ఎవరెంత ఖర్చు పెట్టారో రోజూ రాసే నోటీసు బోర్డులో గుమస్తా పేరు మొదట ఉంది. ఆ సంబరం కూడా గురువారం దాకానే సాగింది. గురువారం ఎదురు బల్ల పెద్దమనిషి సోఫా రసీదూ, బీరువా రసీదూ, మంచానికి వేయించిన పందిరి రసీదూ తెచ్చి బోర్డుకు గుచ్చాడు. గుమస్తా చూస్తుండగానే రెండో స్థానానికి జారిపోయాడు. ఇంట్లో ఇక కూల్చడానికి హాలు తప్ప ఏమీ మిగల్లేదు, హాలు జోలికొస్తే పుట్టింటికి పోతానని భార్య చెప్పేసింది.

శుక్రవారం పొద్దున ఆయన ప్లంబరును మెట్ల దగ్గరికి తీసుకెళ్లాడు.

"నీ రసీదులో ఇంకో సున్నా పెట్టు."

"సున్నా పెడితే దానికి డబ్బు కూడా ఇస్తారా సార్?"

"సున్నాకి విలువేముందయ్యా. ఊరికే పెట్టు."

ఆ మాట అన్నది పందొమ్మిదేళ్లు పన్నులు లెక్కగట్టిన మనిషి. ప్లంబరు పెట్టాడు. మేస్త్రి కూడా పెట్టాడు, పైగా మురిసిపోయాడు. తన పేరు పక్కన అంత పెద్ద అంకె ఎప్పుడూ చూడలేదట. "ఇంకో కాపీ ఇవ్వండి సార్, మా ఆవిడకు చూపిస్తాను," అని అడిగి మరీ తీసుకున్నాడు.

ఆ సాయంత్రం కుర్చీ గుమస్తాది అయింది. ఎదురు బల్ల పెద్దమనిషి చేయి కలిపి, ఇంటికెళ్లి పందిరిమంచం మీద పడుకున్నాడట, సోమవారం దాకా లేవలేదట.

సోమవారం కొత్త సూపరింటెండెంటు కిటికీ పక్కన కూర్చుని, ఫ్యాను మూడు మీద పెట్టి, మొదటి ఫైలు విప్పాడు. అందులో రెండు నోటీసులున్నాయి. ఒకటి ప్లంబరుకు, ఒకటి మేస్త్రికి. వీరిద్దరూ ఒక్క వారంలో ఇంత సంపాదించి ఇంతవరకు పైసా పన్ను కట్టలేదనీ, రుజువుగా రసీదులు జతచేశామనీ, సూపరింటెండెంటు సంతకం పెట్టి వెంటనే పంపాలనీ పై ఆఫీసు రాసింది. ఆఫీసరు మురిపెంగా పైకి పంపిన రసీదులే అవి. గుమస్తాకు ఫ్యాను కింద చెమటలు పట్టాయి. ఫైలు పట్టుకుని ఆఫీసరు గదికి పరుగెత్తాడు.

"సార్, ఈ నోటీసులు..."

"భేష్," అన్నాడు ఆఫీసరు. "ఖర్చు పెట్టినట్టే పెట్టి, ఇద్దరు దొంగల్ని పట్టించారు. మీలో ఇంత లోతు ఉందనుకోలేదు."

"అహ, ఆ రసీదుల్లో చిన్న పొరపాటేమైనా ఉండొచ్చేమోనని."

"పొరపాటా?" ఆఫీసరు కళ్లజోడు తీశాడు. "అంటే మీరు చూపించిన ఖర్చు అబద్ధమా?"

"అబ్బే, పైసాతో సహా నిజం సార్," అన్నాడు గుమస్తా. సీటుకు తిరిగొచ్చి రెండింటి మీదా సంతకం పెట్టాడు.

గురువారం పొద్దున ఆయన షూ వేసుకుంటుండగా ప్లంబరు పనికొచ్చాడు. చేతిలో కవరుంది. మేస్త్రి ఎక్కడి నుంచీ రానక్కర్లేదు, మూడు రోజులుగా వీళ్ల హాల్లోనే సిమెంటు బస్తాకు ఆనుకుని పడుకుంటున్నాడు. రసీదు కాపీ చూసిన వాళ్లావిడ, ఆ డబ్బంతా ఎవరికిచ్చి వచ్చావో చెప్పేదాకా గడప తొక్కొద్దంది. అతని కవరును కొడుకు తెచ్చి ఇచ్చి వెళ్లాడు.

చదివి పెట్టమని ఇద్దరూ కవర్లు అమ్మగారి చేతికిచ్చారు. ఆవిడ గట్టిగా చదివింది. చివరికొచ్చేసరికి గొంతు తగ్గింది.

"ఏమండీ, ఈ సంతకం మీదేగా?"

ప్లంబరు పైకి చూశాడు. మేస్త్రి కూడా చూశాడు.

"అది ఆఫీసు సంతకం," అన్నాడు గుమస్తా. "నేను వేరు, సంతకం వేరు."

"అలాగే సార్. నేను వేరు, రెంచి వేరు," అంటూ ప్లంబరు రెంచి తీసి సంచిలో వేసుకున్నాడు.

"డబ్బెక్కడ దాచావని మా ఆవిడ అడుగుతోంది," అన్నాడు మేస్త్రి దిగులుగా. "ఇప్పుడు గవర్నమెంటు కూడా అదే అడుగుతోంది. నేనెవరికని చెప్పను సార్?"

గుమస్తా అతని ముఖం చూడలేకపోయాడు. వారంరోజులు గోడలు కొట్టి, నిజంగా వచ్చిన కూలి కూడా ఇంట్లో ఇచ్చుకోలేకపోయిన మనిషి అతను. ఆయనకు నిజంగా సిగ్గేసింది.

"వెళ్లి ఆఫీసరుతో చెప్పండి," అంది భార్య. "ఆ సున్నాలు మీరే పెట్టించారని."

"చెబితే కుర్చీ పోతుందే."

"పోనివ్వండి."

గుమస్తా సిగ్గుపడ్డాడు కానీ, కుర్చీ దిగేంత సిగ్గుపడలేదు. ఇద్దరి పన్నూ, దాని మీది జరిమానా తనే కడతానన్నాడు. మొత్తం లెక్కేస్తే వాపసు వచ్చినదానికి మూడింతలు తేలింది. ఆఫీసులో అప్పు తీసుకున్నాడు. కుర్చీతో పెరిగిన జీతం పదకొండు నెలలపాటు ఆ అప్పుకే పోతుంది. ఆ నెల చిన్న పనివాళ్ల దగ్గర పన్ను అందరికన్నా ఎక్కువ రాబట్టినందుకు ఆఫీసరు ఆయనకు మెప్పు లేఖ కూడా ఇచ్చాడు. పన్ను కట్టిన కాగితం చూశాక మేస్త్రి భార్యకున్న కాస్త అనుమానమూ తీరిపోయింది, మొగుడు అంత డబ్బూ సంపాదించాడని ఆవిడకు పూర్తిగా నమ్మకం కుదిరింది. మేస్త్రి హాల్లోనే ఉన్నాడు. గుమస్తా భార్య అతనికో దుప్పటి ఇచ్చింది.

ఆఖరి అతుకు బిగించి, సంచి సర్దుకుని, ప్లంబరు గుమ్మం దగ్గర ఆగాడు.

"సార్, ఈసారి గవర్నమెంటు మీకు డబ్బిస్తే, పక్కవీధి ప్లంబరుని పిలవండి."