జెట్ స్కీకి పద్దెనిమిది దండలు

మా జోమ్తియెన్ తీర జెట్ స్కీ ప్రోత్సాహక సంఘం ఈ ఏటి పందేనికి సర్వసన్నద్ధమైందని కార్యదర్శి హోదాలో ప్రకటించడానికి సంతోషిస్తున్నాను. శుభసంఖ్య కాబట్టి తొమ్మిది ఉపసంఘాలు వేశాం. పూల ఉపసంఘం, మూడు రంగుల గుడ్డల ఉపసంఘం, ఎర్ర సోడా నైవేద్యపు ఉపసంఘం, ఫొటోల ఉపసంఘం, ఇలా ఎనిమిది. తొమ్మిదోది యంత్రాన్ని చూసుకునే ఉపసంఘం. అందులో ఉన్నది ఒక్కతే, మెకానిక్కు దువాంగ్‌తా.

ఇరవై రెండేళ్లుగా మా షెడ్డు ఆమెదే. ఉప్పునీళ్లలో తిరిగొచ్చిన బండిని మంచినీళ్లతో కడగనిదే అన్నం ముట్టదు. ప్లగ్గులు విప్పి చూస్తుంది, ఇరుసుకు గ్రీజు పెడుతుంది, అడుగు బిరడాలు బిగించి మళ్లీ ఒకసారి తడిమి చూసుకుంటుంది. ఇవన్నీ బండి లోపల జరిగే పనులు కావడం వల్ల ఫొటోల ఉపసంఘం వాటిని పట్టించుకోలేదు.

పందెం రోజు పొద్దున్నే మా అధ్యక్షులు, పదకొండు ఊళ్లకు పెద్ద అయిన కమ్నాన్ వీరచాయ్ గారు మైకు అందుకున్నారు.

"పడవ అన్నాక ముక్కున మేయానాంగ్ అమ్మ కొలువుంటుంది. చేపల పడవైనా అంతే, జెట్ స్కీ అయినా అంతే. అమ్మకు తొమ్మిది దండలు! సంప్రదాయమూ ఇంజనూ మన సంఘానికి రెండు కళ్లు. అందులో ఒక కన్ను కాస్త పెద్దది!"

ఏది పెద్దదో ఎవరూ అడగలేదు. దువాంగ్‌తా మాత్రం చెయ్యెత్తింది.

"కమ్నాన్ గారూ, చేపల పడవ సంగతి వేరండీ. ఇది కడుపు కింది జాలీలోంచి నీళ్లు పీలుస్తుంది. దండ తెగిందా, తిన్నగా లోపలి పంకాకే చుట్టుకుంటుంది."

"అమ్మ దండ సంగతి అమ్మే చూసుకుంటుందిలే, నువ్వు పానా సంగతి చూడు. ఈ రోజు గనక బండి గెలవకపోయిందో, రేపటి నుంచి షెడ్డు తాళం మా బావమరిది చేతిలో ఉంటుంది."

బావమరిది గారికి ఇంజన్ల విషయంలో అపారమైన అనుభవం ఉంది. ఆయన నడిపిన మూడు కార్లూ నేటికీ మరమ్మతుల్లోనే ఉన్నాయి.

పెద్ద భిక్షువు తెల్ల బొట్లు పెట్టారు. దండలు కట్టాం. మొదటి విడతలో మా కుర్రాడు తీరాయుత్ అందరికన్నా ముందు దూసుకెళ్లాడు. తొలి మలుపులో ఒక అల ముక్కు మీద విరిగిపడింది. రెండు దండలు మాయమయ్యాయి. ఇంజను గావుకేకలు పెట్టింది గానీ బండి అంగుళం కదల్లేదు. తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చాం.

దువాంగ్‌తా ఇసుకలో వెల్లకిలా పడుకుని, పట్టకారుతో పంకాలోంచి మల్లెలు లాగింది, దారం లాగింది, జరీ తీగ లాగింది, చివరికి మూరెడు గులాబీ రంగు గుడ్డ లాగింది. కోపంతో ఆమె కళ్లనిండా నీళ్లు. బావమరిది గారు పక్కనే నిలబడి, షెడ్డు తాళంచెవి ఎక్కడ పెడతారో తెలుసుకోగోరారు.

సంఘం గొడుగు కింద అత్యవసరంగా సమావేశమైంది. అమ్మవారు రెండు దండలను స్వయంగా స్వీకరించినట్టు నేను నమోదు చేశాను. తొమ్మిదీ సరిపోకనే ఆవిడ అలా లోపలికి తీసుకున్నారని కమ్నాన్ గారు విశ్లేషించారు. రెండో విడతకు పద్దెనిమిది దండలని తీర్మానం. రెండు విడతల్లో మెరుగైనదాన్నే పరిగణిస్తారు కాబట్టి ఆశ ఇంకా చావలేదు.

బయల్దేరే గీత దగ్గర బండి తోక పట్టుకుని నిలబడటం మెకానిక్కు బాధ్యత. దువాంగ్‌తా నడుంలోతు నీళ్లలో నిలబడింది.

"అక్కా, ముందు ఏమీ కనబడట్లేదే! పందేనికి వెళ్తున్నానా, పూలు అమ్ముకోడానికి వెళ్తున్నానా?" అన్నాడు తీరాయుత్.

ఆమె బండి ముక్కుకు చేతులు జోడించింది. "అమ్మా, పూలు నీ మెళ్లో ఉంటేనే అందం. గొంతులోకి పోతే ఊపిరాడదు. కాసేపు నేను మోస్తాను, ఏమనుకోకు తల్లీ." దండలన్నీ ఊడదీసింది. నీళ్లలో వదిలితే మళ్లీ జాలీలోకే పోతాయి కనుక, పద్దెనిమిదీ తన మెడలోనే వేసుకుంది. ఒడ్డున మా కళ్లన్నీ జెండా మీదే ఉన్నాయి. అది ఊగింది. తీరాయుత్ ఆరు బళ్ల దూరంతో గెలిచాడు.

ఆనందం పట్టలేకపోయాం. పద్దెనిమిది దండల మహిమ గురించి కమ్నాన్ గారు నలభై నిమిషాలు మాట్లాడారు. భిక్షువు గారికి, పూల ఉపసంఘానికి, ఎర్ర సోడాకు కృతజ్ఞతలు తెలిపారు.

అంతలో ఫొటోల ఉపసంఘం ఫొటోలు తెచ్చింది. గెలిచిన బండి ముక్కు బోసిగా ఉంది. వెనక నీళ్లలో దువాంగ్‌తా, ఊరేగింపుకు బయల్దేరిన పెళ్లికొడుకులా ఉంది.

అభియోగపత్రం నేనే రాశాను, దస్తూరి బాగుంటుందని. ఒకటి, అమ్మవారి దండలు అపహరించుట. రెండు, వాటిని స్వయంగా ధరించుట. మూడు, అన్నిటికన్నా ఘోరమైనది, దండలు లేకుండానే బండిని గెలిపించి సంఘం పరువు తీయుట. తాళంచెవి అప్పటికప్పుడే చేతులు మారింది.

"కొత్తాయనకు చెప్పండి, నీళ్లలోకి దించే ముందు అడుగు బిరడాలు బిగించాలని. లేకపోతే మునుగుతుంది," అందామె వెళ్తూ వెళ్తూ. ఆ మాట చేరవేశాను. బిరడాలంటే ఏమిటని ఆయన అడిగారు. నాకూ తెలియదు.

నాలుగో రోజు నా మోటార్‌సైకిల్ బ్రేకులు పట్టడం మానేశాయి. వెనక సందులోంచి, ఎవరూ చూడకుండా దువాంగ్‌తా ఇంటికి వెళ్లాను. అక్కడ నాకన్నా ముందే ఏడు బళ్లు వరసలో ఉన్నాయి. మూడోది కమ్నాన్ గారి కారు. ఆయన ఆకాశంలోకి చూస్తున్నారు. నేనూ అటే చూశాను.

"ముందు మీ బళ్లకు కట్టిన దండలు తీసి పక్కన పెట్టండి. ఆ తర్వాతే చెయ్యి వేస్తాను," అంది దువాంగ్‌తా తలెత్తకుండానే. ఎనిమిది మందిమీ తీశాం.

మీరు నవ్వుతున్నారు. నవ్వండి, తప్పేముంది! మీ కొత్త బండి చక్రం కింద నిమ్మకాయలు నలిగిన రోజు మీకు తిథి, వారంతో సహా గుర్తుండే ఉంటుంది. బ్రేకులు చూపించిన రోజు ఏదో చెప్పండి, వింటాను.