ఇద్దరు రాసే ప్రేమకథలు, ఒక మొగుడి క్షేమం

ప్రేమ నవలల్ని ఇకమీదట ఇద్దరు కలిసే రాయాలని చట్టం తేవాలి. ఒంటరిగా కూర్చుని రాసేవాళ్లెవరైనా దొరికితే పట్టుకొచ్చి, పక్కన ఇంకొకరిని జతచేసి కూర్చోబెట్టాలి. వద్దు మొర్రో అన్నా వదలకూడదు!

నవ్వకండి. మా రేవు నగరం రియెకాలో పెళ్లయిన మగవాళ్లందరి తరఫునా ఈ మాట అంటున్నాను. వాళ్లు నన్నేమీ ఎన్నుకోలేదు, నిజమే. కానీ పత్రికలో వారం వారం ఈ మూల నాకిచ్చారు, వాళ్లకివ్వలేదు. కాబట్టి వాళ్ల కష్టసుఖాలు నేనే చెప్పాలి.

నా అర్హత ఏమిటంటారా? వలేరియా మోర్ నవలలు చదవని ఆడవాళ్లు ఈ తీరంలో ఎవరైనా ఉన్నారా? చేపల బజారులో సార్డీన్లు తూచే అమ్మ దగ్గర్నుంచి కోర్టులో జడ్జిగారి దాకా అందరి సంచుల్లోనూ ఆవిడే. ఆ వలేరియా మోర్ అనే మనిషి ఎక్కడా లేదు. ఆవిడలో సగం నా భార్య నెవెంకా. మిగతా సగం నెవెంకా స్నేహితురాలు ద్రాగిత్సా. వంతెన అవతల దీవిలో ఉంటుంది, రోజూ బస్సెక్కి మా ఇంటికొస్తుంది.

ఇద్దరూ మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాస్తారు. ప్రతి వాక్యాన్నీ ముందు పైకి అని చూసుకుంటారు. ఒకరు అంటారు, ఇంకొకరు ముక్కు చిట్లిస్తారు, మొదటావిడ మారుస్తుంది, రెండో ఆవిడ దాన్ని తిరగేస్తుంది, మధ్యలో పడీ పడీ నవ్వుతారు. కంప్యూటర్లోకి ఎక్కేసరికి అది ఎవరి వాక్యమో బ్రహ్మదేవుడికైనా తెలియదు. వాళ్లిద్దరికీ తెలిసినా చెప్పరు. అది వాళ్ల ఒట్టు. ఏ వాక్యం ఎవరిదో బయటివాళ్లకి చెప్పకూడదు, కట్టుకున్నవాళ్లకి అసలే చెప్పకూడదు. పుస్తకాల సభలో ఎవరో ఒకావిడ లేచి ఆ ముద్దు ఘట్టం మీ ఇద్దరిలో ఎవరు రాశారండీ అని అడుగుతుంది. ఇద్దరూ ఒకేసారి కాఫీ కప్పులెత్తి తాగుతారు. సభంతా చప్పట్లు!

మగజాతి మోక్షమంతా ఈ ఒట్టులోనే ఉంది. ఎలాగో చెబుతాను. ముందు ఈ నవలల వల్ల ఊరికి జరిగిన మేలు చెప్పనివ్వండి.

నాలుగో నవల్లో హీరో ఓడలకి దారిచూపే దీపస్తంభం కాపరి. ఖాళీ సమయంలో పశువైద్యుడు. కొండ మీంచి బురా గాలి దిగి మనుషుల్ని గోడకి అంటించే చలికాలపు ఉదయాన, అతగాడు హీరోయిన్ బూట్లు పొయ్యి పక్కన పెట్టి వెచ్చచేసి ఇస్తాడు. అంతే! ఆ ఏడాది ఊళ్లో మొగుళ్లందరూ భార్యల బూట్లు పొయ్యి పక్కన పెట్టారు. కరిగిన అడుగులు అతికించలేక మా వీధి బూట్లు బాగుచేసే ముసలాయన ఇద్దరు పనివాళ్లని పెట్టుకున్నాడు. ప్రభుత్వం ఇన్నేళ్లుగా చెయ్యలేని పని ఒక ప్రేమ నవల చేసింది. ఇది ఉపాధి కాదా?

ఐదో నవల్లో హీరో ప్రతి ఆదివారం అత్తగారికి ఫోన్ చేసి గంటసేపు మాట్లాడతాడు. నా పళ్ల డాక్టరు, పాపం మర్యాదస్థుడు, తనూ చేసి చూశాడు. అత్తగారు హడలిపోయి, అల్లుడికి ఏదో ప్రాణాంతకమైన జబ్బు చేసిందని నిర్ధారించుకుని, రాత్రికి రాత్రే రాజధాని జాగ్రెబ్ నుంచి బయల్దేరి వచ్చేసింది. ఇంకా వెళ్లలేదు. కుటుంబ బంధాలు ఇంతకంటే ఎలా బలపడతాయి?

ఆరో నవల్లో హీరో తను కనిపెట్టిన పార్కింగ్ చోటుని వేరే కారువాడికి ఇచ్చేసి చిరునవ్వు నవ్వుతాడు. రియెకాలో! పార్కింగ్ చోటు! దాన్ని ప్రేమ నవల అనకూడదు, పురాణం అనాలి.

అయితే అందరూ హీరోలు కాలేరు కదా. ప్రేమకథ నడవాలంటే ఇంకొకడు కావాలి. మొదటివాడు. హీరోయిన్ మూడో అధ్యాయంలో ఎవణ్ణి వదిలేసి పోతుందో వాడు. వాడు లేకపోతే ఆవిడ ఎవరిని వదిలిపెట్టి బస్సెక్కుతుంది? హీరోకి ఎలా దొరుకుతుంది? వలేరియా మోర్ ప్రతి నవల్లోనూ అలాంటివాడు ఒకడుంటాడు. పేర్లే మారుతుంటాయి. మొదటి నవల్లో వాడు కూర రుచి చూడకుండానే ఉప్పు చల్లుకుంటాడు. రెండో నవల్లో ఎదుటివాళ్ల వాక్యాలు తనే పూర్తిచేస్తాడు, అదీ తప్పుగా. మూడో నవల్లో భార్య మాట్లాడుతుంటే పేపరు వెనకనుంచి "ఊఁ" అంటాడు. ఆ తర్వాతి నవల్లో, కిటికీ సందులోంచి గాలి తగిలితే మెడ పట్టేస్తుందని నడివేసవిలో కూడా తలుపులన్నీ బిగించుకుంటాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రకం కాను నేను. కానీ ఏడో నవల్లో వాడికి ఊదారంగు స్వెటరు తొడిగేసరికి తడుముకోక తప్పలేదు. స్వెటరు నా ఒంటిమీదే ఉంది.

అవమానపడ్డాననుకుంటున్నారా? చస్తే పడను! ఒక్కరే రాసి ఉంటే పడేవాణ్ణి. ఇద్దరు రాశారు కాబట్టి తేలిగ్గా తేల్చేసుకున్నాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, మా ఇంట్లో పంపకం ఇంకా సుఖంగా ఉంటుంది. పాపం మొత్తం ద్రాగిత్సాది, పుణ్యం మొత్తం నెవెంకాది. "అతనితో మాట్లాడటం కంటే ఖాళీ గదితో మాట్లాడటం నయం, గది మధ్యలో అడ్డు రాదు" అని ఒకచోట ఉంది. ఇది ద్రాగిత్సా కాక ఎవరు? "నిద్రపోయేటప్పుడు మాత్రం అతని ముఖం పసివాడి ముఖంలా ఉంటుంది" అని ఇంకొకచోట ఉంది. ఇది నా నెవెంకా. నేను నిద్రపోవడం ఇన్నేళ్లుగా చూస్తున్నది ఆవిడే కదా!

ద్రాగిత్సా మొగుడు ఫ్రానే, ఓడల మెకానిక్కు, మహా శాంతస్వభావుడు. వాడి లెక్క దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. విషం మొత్తం నెవెంకాది, తేనె మొత్తం ద్రాగిత్సాది. పైగా ఆ వదిలేయబడ్డవాడు తనేనని వాడి నమ్మకం. ఆ ఉప్పు చల్లుకునే అలవాటు ఎవరిదన్న దానిమీద మేమిద్దరం ఒకసారి గట్టిగానే పోట్లాడుకున్నాం. ఆ తర్వాత ఎవరి భార్య మంచితనాన్ని వాళ్లం తలుచుకుని, చెరో గ్లాసు వైను తాగి, సుఖంగా ఇళ్లకి పోయాం. ఇద్దరు రాస్తే ఇద్దరు మొగుళ్లు బాగుపడతారు. ఇంతకంటే చవకైన సంక్షేమ పథకం ఏ దేశంలో ఉంది?

ఇంతటితో ఆగితే ఎంత బాగుండేది! కిందటి శరదృతువులో నాకు ఆశ పుట్టింది.

ఎనిమిదో నవల మొదలుపెడుతూ నెవెంకా ఒక ఉదయం కాఫీ దగ్గర, ఈసారి హీరో ఎలా ఉండాలో ఇద్దరికీ తోచడం లేదని అంది. అంటే పదవి ఖాళీ! ఏడుసార్లు మూడో అధ్యాయంలో గెంటించుకున్న అనుభవం ఉంది, ఒక్కసారి నన్ను చివరి పేజీదాకా ఉండనిస్తే ఏం పోతుంది? మీతో దాపరికమెందుకు, నవ్వులాటగా మొదలైన ఆ కోరిక నాలో బాగా ముదిరిపోయింది. నెవెంకా నన్ను చివరిదాకా ఉంచుకోవాలనుకుంటోందో లేదో నాకు తెలుసుకోవాలని ఉంది. నేరుగా అడిగే ధైర్యం లేదు. పుస్తకంలో చూసి తెలుసుకోవడమొక్కటే దారి.

ఇక చూడండి నా తపస్సు! ఉప్పు మానేశాను. కిటికీలు బార్లా తెరిచాను. మెడ పట్టేసింది, ఆ సంగతి పెద్దగా ఎవరికీ చెప్పలేదు, పక్కింటివాళ్లకి తప్ప. రొట్టె చెయ్యడం నేర్చుకున్నాను. మొదటి రొట్టె రేవులో లంగరుగా పనికొచ్చేది. క్రిస్మస్ నాటికి కాస్త పళ్లకి లొంగింది. కొత్త సంవత్సరం దాటాక ఇల్లంతా కమ్మటి వాసన. ముక్కలు కోసి వాళ్లిద్దరి ముందూ పెట్టి, చూశారో లేదో అని ఓరకంట చూసేవాణ్ణి. చూడకపోతే ప్లేటు తీసి మళ్లీ పెట్టేవాణ్ణి.

"ఏమయ్యా తిహోమిర్, ఒంట్లో కులాసాయేనా?" అంది ద్రాగిత్సా నోటినిండా రొట్టెతో. "డాక్టరేమైనా చెప్తే మా దగ్గర దాచకు."

అన్నిటికంటే కష్టమైనది వినడం. నెవెంకా బజారు సంగతి ఏదో మొదలుపెట్టగానే పేపరు పక్కన పెట్టి, "తర్వాత?" అన్నాను. ఎవరితో అంటున్నానా అని ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. కొన్నాళ్లకి అలవాటు పడింది. వాళ్ల అమ్మ గురించి, చిన్నప్పుడు వాళ్ల వీధిలో ఉండే కుట్టుపని అమ్మాయి గురించి, నాతో ఎప్పుడూ అనని సంగతులెన్నో చెప్పింది. ఒక సాయంత్రం కాఫీ చల్లారిపోయేదాకా మాట్లాడి, చివర్లో నా చెయ్యి పట్టుకుని నవ్వింది. నాకెంత సంతోషం వేసిందో! కానీ నా బుర్ర ఊరుకుంటేనా? హీరో పదవికి ఇది సరిపోతుందా, ఇంకో రకం రొట్టె నేర్చుకోవాలా అని లోపల ఒకటే రంధి.

చలికాలం చివర్లో చిత్తుప్రతి నా చేతికొచ్చింది. అచ్చుతప్పులు చూసిపెట్టడం మొదటినుంచీ నా వంతు. ఆత్రంగా తెరిచాను. హీరో రేవులో ఓడలు నడిపించేవాడు. ఒత్తుగా గడ్డం. సూపు కూడా మాడ్చేస్తాడు, రొట్టె ఊసే లేదు. సరే, ప్రాప్తం లేదనుకుని మూడో అధ్యాయానికి వెళ్లాను. అక్కడా లేను! హీరోయిన్ మొదటి పేజీ నుంచే ఒంటరిగా, ఒక కుక్కతో, హాయిగా ఉంది. వదిలేసి పోవడానికి ఆవిడకి ఎవరూ లేరు. గెంటేస్తే కనీసం గుమ్మం అవతల ఉన్నామని తెలుస్తుంది. ఇదేమిటి మరి?

కాగితాలు పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. నెవెంకా బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది.

"నేనెక్కడ?" అన్నాను.

"ఎక్కడేమిటి?"

"మూడో అధ్యాయంలో లేను. పోనీ చివర్లో ఉంటానేమో అంటే అక్కడా లేను. చలికాలమంతా రొట్టెలు చేశాను నెవెంకా. కిటికీలు తీసిపెట్టాను. ఆ గడ్డంవాడు ఏం చేశాడని వాడికిచ్చారు?"

ఆవిడ చాకు పక్కన పెట్టింది. "ఈసారి ఆ మనిషిని రాయబుద్ధి కాలేదు," అంది. "రాద్దామని కూర్చుంటే ఎవర్ని చూసి రాయాలో తోచలేదు. అలాంటివాడు ఇప్పుడు మా ఇంట్లో లేడు కదా అని ద్రాగిత్సాతో కూడా అన్నాను." ఆగి, నా ముఖంలోకి చూసింది. "ఇదంతా పుస్తకంలోకి ఎక్కడానికా చేశావు?"

ఊళ్లోవాళ్లందరి వాక్యాలు పూర్తిచేసేవాణ్ణి, ఆరోజు నేననాల్సింది ఒక్కటే మాట. కాదు అనాలి. అన్నాను కూడా. కానీ అనడానికి ఒక క్షణం ఆలస్యమైంది, ఆ క్షణం ఆవిడకి చాలు. చాకు తీసుకుని మళ్లీ చెక్కు తియ్యడం మొదలుపెట్టింది.

ఆ మర్నాడే బురా పట్టుకుంది. వారమంతా ఊరు ఊగిపోయింది. నేను రేడియో పక్కన ముడుచుకుని కూర్చున్నాను. వంటింట్లోంచి టకటకమని కీబోర్డు చప్పుడు వస్తూనే ఉంది, నవ్వులు మాత్రం లేవు. గాలి తగ్గిన రోజున కొత్త మూడో అధ్యాయం నా పేపరు మీద పెట్టి ఉంది.

అందులో వాడు తిరిగొచ్చాడు. ఊదారంగు స్వెటరుతో సహా! కానీ ఈసారి వాడు మంచి రొట్టె చేస్తాడు, కిటికీలు తీస్తాడు, "తర్వాత?" అని అడుగుతాడు. అయినా ఆవిడ వాణ్ణి వదిలేసి పోయింది. ఎందుకో ఒకే వాక్యంలో ఉంది: "అతను అన్నీ సరిగ్గానే చేశాడు, కానీ ఏది చేసినా ఎవరైనా చూశారా అని తల తిప్పి చూసుకున్నాడు."

అమ్మ ద్రాగిత్సా! నీ నోట్లో ఎంత విషముందే!

దాని కిందే ఇంకో వాక్యం. "అతను కట్టి ఇచ్చిన రొట్టెని మాత్రం ఆమె బస్సు కదలకముందే విప్పింది. ఊరు దాటేసరికి ముక్క మిగల్లేదు." నా ప్రాణం లేచి వచ్చింది. ఇది నెవెంకా, ఇంకెవరు? ఎప్పటిలాగే పాపం ఒకరికి, పుణ్యం ఒకరికి పంచేసి ఊరుకోవలసింది. కానీ ఈసారి ఊరుకోలేకపోయాను. ఆ రొట్టె వాక్యం ఆవిడదేనని ఆవిడ నోటితో వినాలనిపించింది.

"మీ ఒట్టు సంగతి తెలుసు," అన్నాను. "అయినా అడుగుతున్నాను. మొదటిది ద్రాగిత్సాది, రెండోది నీది. అవునా?"

"ఆ వారం గాలికి వంతెన మూసేశారు," అంది నెవెంకా. "ద్రాగిత్సా ఇటు రాలేదు, దీవిలో కరెంటు లేదు, ఫోన్లూ లేవు. రెండూ నావే."

కాబట్టి వంతెన చూసుకునే అధికారులకు రియెకా మొగుళ్ల తరఫున నా విన్నపం. గాలి ఎంతైనా వీచనివ్వండి, లారీలు పడితే పడనివ్వండి, ఆ వంతెన మాత్రం మూయకండి. ద్రాగిత్సాను వేళకి ఇటు దాటించండి. ఒక భార్య వారంపాటు ఒంటరిగా కూర్చుని రాస్తే, రాసినదంతా ఆవిడదే అవుతుంది. చదవాల్సినవాడు ఆ మొగుడే అవుతాడు.

చదివాను. మొదటి వాక్యం ఒక్కసారికే కంఠతా వచ్చేసింది. రెండోది ఇంకా చదువుతున్నాను.