పెసరట్టయిన పాఠం

ఆ సోమవారం ఉదయం బుల్లిబాబు వేసుకున్న పథకం చాలా సులువైనది. కడుపునిండా పెసరట్లు తినడం, రెండో తరగతి చదువుతున్న కూతురు పింకీని ఆన్‌లైన్ క్లాసు ముందు కూర్చోబెట్టడం, తను చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆఫీసు మీటింగులో ఊ కొట్టడం. లాక్‌డౌన్ మొదలయ్యాక నల్లగండ్ల అపార్ట్‌మెంట్లలో సగం మంది చేస్తున్న ఉద్యోగం అదే.

"ఇవాళ అట్టు అదిరిందమ్మా! ఇంకోటి వెయ్యి" అన్నాడు నాలుగోది తుంచుతూ.

అమలాపురం నుంచి చుట్టపుచూపుగా వచ్చి ఇక్కడే ఇరుక్కుపోయిన తల్లి నాగేశ్వరి పొంగిపోయింది. "అదరదేంట్రా మరి! కిటికీ దగ్గర గిన్నెలో పెసలు మొలకలొచ్చి పడున్నాయి. పాడైపోతాయని రుబ్బేశాను. ఒంటికి మంచిది కూడాను."

బుల్లిబాబు నోట్లో ముక్క నోట్లోనే ఉండిపోయింది. ఆ మొలకలు పింకీవి. రోజూ దూది తడిపి, పడుకునేముందు గుడ్ నైట్ చెప్పి మరీ పెంచింది. ఈరోజే సంయుక్త టీచర్‌కి చూపించాలి. బడి ఫోన్లోకి వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల క్లాసులో నోరు విప్పలేదు. టీచర్ పేరు పిలిస్తే తల దించేసుకునేది. అలాంటిది మొలకల పుణ్యమా అని నిన్న మొదటిసారి "రేపు నేను మాట్లాడతా నాన్నా" అంది.

ఖాళీ గిన్నె చూసి పింకీ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదనిపించింది బుల్లిబాబుకి.

"ఉన్న సంగతి టీచర్‌కి చెప్పేస్తే పోలా అండీ?" అంది భార్య వాసంతి, తన ఆఫీసు కాల్ మధ్యలో.

"నువ్వూరుకో. సాఫ్ట్‌వేర్ కంపెనీలో డెలివరీ మేనేజర్ని నేను. ఇంతవరకు ఒక్క డెలివరీ తప్పలేదు" అని, అపార్ట్‌మెంటులోని పింకీ క్లాసు పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మొలకలు కావాలని పెట్టాడు. మొలకలు రాలేదు గాని కష్టాలు వచ్చాయి. పైఅంతస్తు రాకేశ్ కూతురు మౌనిక మొలకలను పావురాలు తినేశాయట. పక్క బ్లాకు కృష్ణప్రియ కూతురు ఉమాశ్రీ మొలకలు కుళ్లిపోయాయట. "మీకు దొరికితే మాకూ ఇవ్వండి" అన్నారు ఇద్దరూ.

దొరకనే దొరికాయి, ఎదురింట్లోనే. ఈ అపార్ట్‌మెంట్లు లేవకముందు ఆ ఇంటి కిష్టమ్మ వాళ్లకు ఇక్కడే చేను ఉండేది. పింకీ క్లాసులోనే చదివే మనవడు సాయిచంద్ కోసం ఆవిడ స్టీలు గ్లాసులో మన్ను పోసి పెసలు మొలిపించింది. గ్లాసు నిండా పచ్చగా ఆకులేసి ఉన్నాయి.

"గింత దానికే పరేషానా సారూ? మా పోరడు సూపెట్టినంక తీస్కపోండ్రి. గ్లాసు మాత్రం జర పైలం. మా పెండ్లిల వెట్టింది."

సాయిచంద్ చూపించడం అవ్వగానే బుల్లిబాబు మాస్కు తగిలించుకుని, పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీతో పక్క బ్లాకుకి పరుగెత్తాడు. మెట్లమీద ఉండగా చెవిలో ఆఫీసు బాసు "స్టేటస్ ఏంటి?" అన్నాడు. "దారిలో ఉంది సార్, ఇచ్చేస్తున్నా" అన్నాడు ఆయాసపడుతూ. బాసు చాలా సంతోషించాడు.

ఉమాశ్రీ వేరు చూపిస్తానని ఒక మొక్కను పీకింది. అది చాలదని ఇంకోటి పీకింది. తర్వాత పైఅంతస్తులో రాకేశ్, వెలుతురు బాగుంటుందని గ్లాసును బాల్కనీ గోడమీద పెట్టాడు. పావురాలకు ఆ ఇల్లు అలవాటే. చివరికి పింకీ చేతికి వచ్చేసరికి గ్లాసులో ఒకే ఒక్క మొక్క, అదీ తల వేలాడేసి, మిగిలింది.

"పింకీ, ఆ గ్లాసు మీద ఏం రాసుందో చదువమ్మా" అంది సంయుక్త టీచర్.

పింకీ గ్లాసు తిప్పి కూడబలుక్కుని చదివింది. "ఎల్లేశం... కిష్టమ్మ."

స్టీలు సామాను మీద పెళ్లికి చెక్కించిన పేర్లు మన కళ్లకు ఆనవు. తెరమీద టీచర్‌కి ఆనాయి.

"ఉమాశ్రీ గ్లాసు మీదా అదే ఉంది. మౌనిక గ్లాసు మీదా అదే ఉంది. ఏంటమ్మా సంగతి?"

బుల్లిబాబు చటుక్కున బల్లకింద దూరాడు. పింకీ ఒకసారి వంగి నాన్నను చూసింది. తర్వాత తలెత్తి తెరను చూసింది.

"ఇది సాయిచంద్‌ది టీచర్. నా మొలకల్ని మా నాన్న తినేశాడు. నాలుగు అట్లు."

అంతే, మైకులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. "మావి పావురాలు తిన్నయ్ టీచర్!" "మావి కుళ్లిపోయాయి టీచర్!" "గా గ్లాసు మాది! ఎప్పుడిస్తరని మా నాయనమ్మ అడుగుతుంది!"

టీచర్ నవ్వాపుకోలేకపోయింది. "ఇందాక క్లాసు మొదట్లో నా మొలకలకు బదులు ఫొటో ఎందుకు చూపించానో తెలుసా? మా అత్తగారు గుగ్గిళ్లు చేసేశారు. సరే పింకీ, నీ మొలకలు ఎలా ఉండేవో నువ్వే చెప్పు."

పింకీ చెప్పింది. తోలు ఎలా చిట్లిందో, తెల్లటి తోక ఎటు తిరిగిందో, ఏ గింజ అందరికంటే బద్ధకిష్టిదో ఆగకుండా చెప్పింది. క్లాసంతా నోరు తెరుచుకుని విన్నారు. బల్లకింద బుల్లిబాబు కళ్లు తుడుచుకున్నాడు.

పింకీకి స్టార్ ఇచ్చి, వచ్చే సోమవారం అందరూ ఎవరి మొలకలు వాళ్లే తెచ్చి చూపించాలని టీచర్ ఆజ్ఞాపించింది.

ఆ వారమంతా బుల్లిబాబుకు పొద్దున్నే ఉప్మా.