పదకొండు నిమిషాల్లో కొండపైకి

ఆ రోజు పొద్దున్నే పశువుల డాక్టరు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తొమ్మిదింటికి బండి చూడాలి, ట్రయల్ పేరుతో దాని మీదే కొండెక్కి పాలావిడ ఆవును పరీక్షించాలి, భోజనం వేళకు ఇల్లు చేరాలి. యాభై ఆరేళ్ళొచ్చి, ఒక మోకాలు పూర్తిగా అరిగిపోయాక ఆయన కొనబోతున్న మొట్టమొదటి బండి అది. రాళ్ళనీ బురదనీ లెక్కచేయకుండా పోయే, నాలుగు లావు చక్రాల బండి. షోరూమ్ వాళ్ళు ఏటీవీ అంటారు.

"మీకు సైకిలే సరిగ్గా రాదు కదండీ!" అంది భార్య.

"దీనికి నాలుగు చక్రాలున్నాయి. పడదు," అన్నాడు డాక్టరు.

కొనక తప్పదు మరి. కిందటి నెల పాలావిడ ఆవుల్లో ఒకటి ఈనలేక అవస్థ పడుతుంటే, ఆయన కుంటుకుంటూ కొండెక్కడానికి రెండు గంటలు పట్టింది. చేరేసరికి ఆవూ పోయింది, దూడా పోయింది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. గ్లాసుడు మంచినీళ్ళిచ్చి పంపింది. తిట్టి ఉంటే ఆయన ప్రాణం కాస్త కుదుటపడేది. మిగిలిన ఒక్క ఆవు ఇవాళో రేపో ఈనబోతోంది. అదీ పోతే ఆవిడకు కొండ మీద బతుకే లేదు.

షోరూమ్‌కు బావమరిది తోడొచ్చాడు. అతనికి బండంటూ ఏదీ లేదు గానీ, ప్రపంచంలోని బండ్లన్నిటి మీదా అభిప్రాయాలు మాత్రం ఉన్నాయి.

"పచ్చది వద్దు బావా, పొదల్లో కలిసిపోతుంది. నల్లది ఎండకి కాలిపోతుంది. ఈ నారింజ రంగుది చూడు! అవతలి కొండ మీదున్నోళ్ళకి కూడా కనబడతావు."

కొత్తవాళ్ళు ట్రయల్‌కు వెళ్ళాలంటే హెల్మెట్, కళ్ళద్దాలు, మెడ నుంచి మడమల దాకా తెల్ల తొడుగు వేసుకోవాలట. "రూలండి," అన్నాడు షోరూమ్ అతను. ఇద్దరూ వేసుకున్నారు.

"ఖాళీ బండి ఎవడైనా ఎక్కిస్తాడు బావా. బరువేసి చూడాలి," అంటూ బావమరిది పక్క దుకాణంలో సున్నం బస్తాలు నాలుగు అడిగి తెచ్చి, బండి వెనక ట్రాలీలో వేయించాడు. వాటి మీద తానూ ఎక్కి కూర్చున్నాడు. మొదటి గతుక్కే ఒక బస్తా చిరిగింది. అప్పటికే కళ్ళు గట్టిగా మూసుకున్న బావమరిది అది చూడలేదు. ముందు కూర్చున్న డాక్టరు చూసే అవకాశమే లేదు. బండి వెనక రోడ్డంతా తెల్లటి చార పడుతూ పోయింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. పన్నెండేళ్ళ కిందట ఆ కొండ మీద పశువులకు అంటురోగం వచ్చింది. నారింజ రంగు బండ్లలో తెల్ల తొడుగుల మనుషులు దిగి, రోగం ఉన్నవీ లేనివీ అని చూడకుండా పశువులన్నిటినీ చంపేసి, గోతుల్లో వేసి, పైన సున్నం చల్లి పోయారు. అలా చేయమన్న కాగితం మీద సంతకం డాక్టరుదే. అయితే ఆయన కింద ఆఫీసులో కూర్చుని పెట్టాడు కాబట్టి, ఆయనకు రంగులు తెలియవు. కొండ మీదివాళ్ళకు తెలుసు.

మొదటి మలుపులో పాక ఊడుస్తున్న ముసలాయన చీపురు పారేసి పరుగెత్తాడు. ఎంత సంబరమో అనుకుని డాక్టరు చెయ్యి ఊపాడు. రెండో మలుపులో జనం పశువులను ఆదరాబాదరా అడవిలోకి తోలుతున్నారు. దారి ఇస్తున్నారనుకుని, మర్యాదకు మర్యాదగా హారన్ కొట్టాడు. దాంతో ఇంకా నిలబడి చూస్తున్నవాళ్ళు కూడా ఉరికారు. ఫోన్లు బండికన్నా ముందు కొండెక్కాయి.

పదకొండు నిమిషాల్లో పాలావిడ ఇల్లు వచ్చింది. తలుపు బార్లా తెరిచి ఉంది. కొట్టంలో ఆవు లేదు. గుంజకు తెగిన పలుపు వేలాడుతోంది.

"ఎవరూ లేరేంటి బావా? ఇవాళ సెలవా?" అన్నాడు బావమరిది, కళ్ళు తెరిచి.

డాక్టరు వెనక్కి తిరిగి చూశాడు. నారింజ బండి, సున్నంలో మునిగిన బావమరిది, కొండ కింది నుంచి ఇక్కడి దాకా తెల్ల గీత. ఆయన తన ఒంటి మీది తెల్ల తొడుగు వైపు చూసుకున్నాడు. ఆ కాగితం గుర్తొచ్చింది.

కింద లోయలోంచి ఆవు అరుపు వినిపించింది. ఎక్కడికైనా పోతుందన్న బండి ఆ బండరాళ్ళ అంచున ఆగిపోయింది. డాక్టరు చేతిసంచి పట్టుకుని, సగం దూరం కూర్చునే జారుతూ దిగాడు. ఆవు రాళ్ళ మధ్య పడి ఉంది. దాని ముందు పాలావిడ కొడవలి ఎత్తి నిలబడింది.

"అడుగు ముందుకేస్తే నరికేస్తా!"

"నేనమ్మా, డాక్టర్ని." ఆయన హెల్మెట్ తీశాడు. ఆవిడ మొహం పోల్చుకుంది. కొడవలి చేతిలోంచి జారిపోయింది.

"మీరా? మిమ్మల్ని చూసా దీన్ని ఈ రాళ్ళలోకి తోలుకొచ్చాను?"

ఆయన సంచి విప్పి ఆవు పక్కన కూర్చున్నాడు. పని మొదలుపెట్టాడు. గంటసేపు పట్టింది. ఆవు బతికింది. దూడ ఊపిరి తీసుకోలేదు. ముక్కులు తుడిచాడు, పక్కటెముకలు రుద్దాడు, తలకిందులుగా ఎత్తి కూడా చూశాడు. వెనకే దిగొచ్చిన బావమరిదికి దేని మీదా అభిప్రాయం లేకపోవడం అదే మొదటిసారి.

"అప్పుడు సంతకం పెట్టింది నేనేనమ్మా," అన్నాడు డాక్టరు, దూడను కింద పడుకోబెట్టి.

"తెలుసు," అంది ఆవిడ. ఆవు తల ఒళ్ళో పెట్టుకుని నిమురుతూ మళ్ళీ అంది: "ఇకనుంచి నడిచే రండి డాక్టరుగారూ. ఆలస్యమైతే కానీండి. ఆ కుంటి నడక చూస్తే, వచ్చేది మీరేనని తెలుస్తుంది."

షోరూమ్ అతను ఫోన్ చేసి బండి ఎలా ఉందని అడిగాడు. చాలా వేగంగా పోతుందని డాక్టరు ఒప్పుకున్నాడు.