కరువును జయించిన గోధుమ

చుక్క నీరు లేకుండా పండే గోధుమను జాతికి అంకితం చేయడానికి మంత్రిగారు స్వయంగా విచ్చేస్తున్నారని 2003 జనవరిలో ఆళ్లగడ్డ వీధుల్లో వారం రోజులు ఆటో మైకు మోగింది. ఆ గోధుమ రుద్రవరం దగ్గర శేషయ్య పొలంలో ఉంది. వేరుశనగ నిలువునా ఎండిపోయిన శేషయ్యకు గోధుమ మీద మోజేమీ లేదు. ఊరు కరువు జాబితాలోకి ఎక్కితే విత్తనాలు ఉచితంగా వస్తాయి, లేకపోతే వచ్చే ఏడు పొలం బీడే. ఊరి పేరైతే రాశారు గానీ, ఆ జాబితా మీద సంతకం పెట్టాల్సింది మంత్రిగారే.

పరీక్ష కోసం ఆ గోధుమను వేయించి, నంద్యాల నుంచి వచ్చిపోయే శాస్త్రవేత్త ప్రసన్నకుమారి నలభై రోజులుగా పైరుకు నీళ్లు కట్టనివ్వలేదు.

"గోధుమలో జన్యువులు కుటుంబాలుగా ఉంటాయి. కొన్ని కుటుంబాలు పైరును పెంచుతాయి. కొన్ని నీళ్లు కరువైనప్పుడే పనిలోకి దిగుతాయి. అవేవో తేలాలంటే పైరు ఎండకు మాడాలి," అని ఆమె వివరించింది.

పార్టీ నాయకుడు గురవయ్య శ్రద్ధగా విన్నాడు. "ఆ కుటుంబాలకు తెల్లకార్డులు ఉండాయా మేడం?" అని అడిగాడు. ప్రజల మనిషి మరి.

ఆమె నంద్యాల బస్సెక్కగానే, వాడిన పైరును చూసి ఆయన మనసు కలుక్కుమంది. ఊరికి మూడు రోజులకోసారి వచ్చే తాగునీటి ట్యాంకరును పొలంలోకి మళ్లించాడు. బిందెలతో నిలబడిన ఆడవాళ్లకు దేశాభివృద్ధి గురించి నచ్చజెప్పాడు.

"దేశం తాగినాక మాకూ రోంత పోయించప్పా," అంది శివమ్మ.

మంత్రిగారు వచ్చే రోజుకు పైరు పచ్చగా తలెత్తింది. ప్రసన్నకుమారి తల పట్టుకుంది. "నా పరీక్ష మొత్తం పాడైపోయింది," అంది.

"మీ కుటుంబాలు సల్లగుండాయి మేడం, దిగులు పడొద్దు," అని ఓదార్చాడు గురవయ్య. తర్వాత శేషయ్యను పక్కకు పిలిచాడు. "ట్యాంకరు మాట ఎత్తొద్దన్నా. ఆయప్ప సంతోషపడితే మన ఊరు జాబితాలో ఉన్నట్టే."

మంత్రిగారు గట్టు మీద నిలబడి, "నీళ్లు పెట్టి ఎన్నాళ్లయింది పెద్దాయనా?" అని అడిగారు.

ప్రసన్నకుమారి నోరు తెరవబోయింది. శేషయ్యే ముందు పలికాడు. "నలభై దినాలు సార్. సుక్క పడలే."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. అక్కడికక్కడే జాబితా తెప్పించి కలం తీశారు. శేషయ్య ఆశగా చేతులు జోడించాడు.

"నలభై రోజులు నీళ్లు లేకుండా ఇంత పచ్చగా పండించే ఊరికి కరువేంది? మీకు ఈ అవమానం జరగనియ్యను," అని ఊరి పేరును స్వహస్తాలతో కొట్టేశారు.

వెలుతురు చాలలేదని ఫోటోగ్రాఫరు నసిగాడు. మంత్రిగారు విసుక్కోకుండా, ఈసారి నెమ్మదిగా, మళ్లీ కొట్టేశారు.