ఫిర్యాదులు లేని తూటా

ఒక పెద్ద అడవిలో ఆ ఏడు ఎండలకు రెండే మడుగులు మిగిలాయి. తూర్పు మడుగు దగ్గర ఒక వేటగాడు, పడమటి మడుగు దగ్గర ఇంకొకడు మంచె కట్టుకుని కూర్చున్నారు. తూర్పువాడివి రాగి తొడుగున్న గట్టి తూటాలు, పడమటివాడివి ముక్కు మెత్తని సీసపు తూటాలు. ఏ తూటా తక్కువ ప్రమాదమో తేలితే అటే వెళ్ళి నీళ్ళు తాగుదామని మృగాలన్నీ అనుకున్నాయి. అనుకుని ఊరుకోక కమిటీ వేశాయి. అక్కడే చెడింది. తీర్పు వచ్చేదాకా ఎవరూ ఏ మడుగుకూ పోకూడదన్నారు.

అధ్యక్షుడు నక్క నాగలింగం. పడమటి వేటగాడు చంపిన జంతువును అక్కడే కోసి, పేగులు వదిలేసి పోతాడు. వాటి చలవతోనే నాగలింగం ఒళ్ళు నిగనిగలాడుతోంది. ఈ సంగతి కమిటీకి చెప్పాల్సిన అవసరం ఆయనకు కనబడలేదు. గుమాస్తా ముళ్ళపంది. కలాలకు కొదవ లేదని దానికా ఉద్యోగం ఇచ్చారు.

మొదటి రోజే నాగలింగం ఒక నిబంధన పెట్టాడు. తూటా తగిలినవారు స్వయంగా హాజరై, గాయం చూపించి, గిట్టముద్ర వెయ్యాలి.

తూర్పు తూటా మీద ఫిర్యాదులే ఫిర్యాదులు. అడవిపంది తన డొక్కలో ఇటు దూరి అటు పోయిన చిల్లు చూపించింది. కణుజు దుప్పి కుంటుతూ వచ్చి గంటసేపు ఏడ్చింది. మొత్తం పదిహేడు గిట్టముద్రలు పడ్డాయి. పడమటి తూటా మీద ఒక్కటీ లేదు.

మూడో రోజు అడవిదున్న గౌరమ్మ దూడను వెంటబెట్టుకుని ముందుకొచ్చింది.

"అయ్యా, మా ఆయన పడమటి మడుగుకే వెళ్ళాడు. ఆ తూటా లోపలికి పోయి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. కూలినవాడు మళ్ళీ లేవలేదు."

"అయ్యో పాపం. ఆయన్నొకసారి రమ్మనమ్మా, గిట్టముద్ర వేయించుకుందాం," అన్నాడు నాగలింగం.

"చచ్చినవాడు ఎలా వస్తాడయ్యా?"

"రాలేదంటే ఆయనకు అభ్యంతరం లేనట్టే."

గుమాస్తా అలాగే రాసుకుంది. పడమటి తూటా మృగాలకు అనుకూలమనీ, ఇకనుంచి అందరూ అక్కడే తాగాలనీ తీర్పు వచ్చింది.

గౌరమ్మకు ఒళ్ళు మండిపోయింది. పక్కన దూడకు దాహంతో నాలుక పిడచకట్టుకుపోతోంది. అయినా గొంతు పెంచలేదు.

"అంత మంచి తూటా అయితే అయ్యగారే ముందు నడవండి. మీ వెనకే మేమూ వస్తాం," అంది.

గాయపడ్డ పదిహేడుమందీ అవునవునన్నారు. కాదంటే తన తీర్పు అబద్ధమని నాగలింగం తనే ఒప్పుకున్నట్టు. పెద్ద మృగాల కోసం తెచ్చుకున్న తూటాను నక్క మీద ఎవడు దండగ చేస్తాడులే అనుకుని, నాగలింగం తోక ఎత్తుకుని బయల్దేరాడు. పాపం, మంచె మీద వేటగాడు ఈ విచారణ పుణ్యమా అని మూడు రోజులుగా ఒక్క జంతువునూ చూడక విసిగిపోయి ఉన్నాడు. ఏది కదిలితే దాన్ని కాల్చేలా ఉన్నాడు. కాల్చాడు.

గౌరమ్మ దూడను తోసుకుంటూ మందనంతా తూర్పు మడుగుకు మళ్ళించింది. అక్కడా తూటా పేలింది, ఒక కణుజు చెవికి చిల్లు పడింది. అందరూ కడుపునిండా తాగి వచ్చారు.

మర్నాడు ముళ్ళపంది ఫైలు ముగిస్తూ చివరి వాక్యం రాసింది: "పడమటి తూటాను స్వయంగా పరీక్షించిన అధ్యక్షులవారి నుంచి కూడా ఎలాంటి ఫిర్యాదూ అందలేదు."

నీతి: ఫిర్యాదులు రాకూడదనుకునేవాడు పని సగంలో వదలకూడదు.